ఎముక అతికింది, మరి ఎందుకు లేవలేకపోతున్నారు?

తుంటి విరిగి ఆపరేషన్ అయిన మూడో నెలలో మా శ్రీకాకుళం వైపు ఇళ్ళల్లో వినబడే మాట ఇది: “ఎక్స్‌రేలో ఎముక అతికిపోనాదన్నారు. మరి మాయమ్మ లెగనేకపోతందేటి?” రాడ్డు బాగానే ఉంటుంది. కుట్లు మానిపోయుంటాయి. అయినా కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు చంకల కింద చేతులు వేసి ఎత్తాల్సిందే. అప్పుడు అనుమానం ఆపరేషన్ మీదికి పోతుంది. చాలామందిలో లోపం ఎముకలో ఉండదు, దాన్ని మోయాల్సిన కండలో ఉంటుంది.

వయసుతోపాటు కండ తగ్గడాన్ని సార్కోపీనియా అంటారు. 1989లో పెట్టిన పేరు. ఇది ఏళ్ళ తరబడి నెమ్మదిగా జరిగే పని. తుంటి విరిగితే మాత్రం వారాల్లో జరిగిపోతుంది. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళను పది రోజులు మంచం మీదే ఉంచి కొలిస్తే, కాళ్ళలోనే దాదాపు కిలో కండ పోయింది. వాళ్ళకి దెబ్బ లేదు, ఆపరేషన్ లేదు, తిండి కూడా సరిపడా పెట్టారు. మన ఇళ్ళల్లో దెబ్బ, ఆపరేషన్, నొప్పి, అరకొర తిండి అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. పోయే కండలో ఎక్కువ భాగం మొదటి రెండు నెలల్లోనే పోతుంది. “ఎముక అతికేదాకా కదపకండి, తర్వాత నడిపిద్దాం” అనుకుని ఆగేది కూడా సరిగ్గా ఆ రెండు నెలలే.

బరువు తూచి చూసుకుని ధైర్యపడొద్దు. కండ పోయిన చోట కొవ్వు చేరితే కాటా అదే అంకె చూపిస్తుంది. దర్జీ టేపు తెచ్చి, ఆపరేషన్ కాని కాలి పిక్కను లావుగా ఉన్నచోట కొలవండి. మగవాళ్ళకి 34 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 33 కన్నా తక్కువుంటే కండ తగ్గిందని అనుమానించాలి. టేపు లేకపోతే వాళ్ళ రెండు చేతుల బొటనవేళ్ళు, చూపుడువేళ్ళు కలిపి పిక్క చుట్టూ రింగులా పెట్టించండి. వేళ్ళు కలిసి ఇంకా సందు మిగిలితే కండ తక్కువే. కాలికి నీరు పట్టి ఉంటే ఈ రెండు కొలతలూ మోసం చేస్తాయి. వేలితో నొక్కితే గుంట పడుతోందేమో ముందు చూసుకోండి.

ఇక తిండి. కోలుకుంటున్న పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మామ్మకి కనీసం 60 గ్రాములు. మనం పెడుతున్నదెంత? నలుగురికి చేసే పప్పుచారులో 100 గ్రాముల కందిపప్పు పడితే మనిషికి 5, 6 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. పళ్ళు లేని మామ్మకి గరిటెతో పైన తేట పోస్తాం, పప్పంతా గిన్నె అడుగునే ఉండిపోతుంది. ఉదయం రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నం. అంతా కలిపినా 25 గ్రాములు దాటడం కష్టం. దీనికి తోడు పథ్యం. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, చేప పడదు అంటారు. కోసిన చోట చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. కుట్లు మానడానికే ప్రొటీన్ కావాలి. ఈ పథ్యం మీద నాకు నిజంగా కోపం, ఎందుకంటే ప్రేమతోనే కడుపు మాడ్చేస్తున్నాం. శనివారం ఒంటిపూటలు, కార్తీక ఉపవాసాలు కూడా ఈ ఏడాదికి మానిపించండి. దేవుడేమీ అనుకోడు.

60 గ్రాములు ఇలా వస్తాయి. పొద్దున రెండు గుడ్లు, 200 మిల్లీలీటర్ల పాలలో కాచిన చోడి (రాగి) జావ కలిపితే 20. మధ్యాహ్నం కప్పు అన్నంలో 30 గ్రాముల పప్పుతో చేసిన ముద్దపప్పు, ముల్లు తీసిన చేప ముక్క 50 గ్రాములు కలిపితే మరో 20. రాత్రి అన్నంలో కలిపే గుప్పెడు వేరుశెనగ గుళ్ళ పొడిలో 6. అదే పూట మెత్తటి అన్నం, 150 గ్రాముల గట్టి పెరుగు, నానబెట్టి సన్నగా తరిగిన సోయా ముక్కలు 15 గ్రాములు కలిపితే 16. ఉలవలు తినేవాళ్ళకి 100 గ్రాముల ఎండు గింజల్లో 20కి పైనే ఉంటుంది, కాకపోతే ఉలవచారు తేటలో కాదు, ఉడికిన గింజలో. ఒక్క పూటకే అంతా కుక్కకుండా మూడు పూటలకీ పంచండి. వయసు మళ్ళిన కండ కొంచెం ప్రొటీన్‌కి స్పందించదు. పూటకి 20 నుంచి 30 గ్రాములు పడితేనే కండ కట్టే పని సరిగ్గా సాగుతుంది. ఎండుచేపలో ప్రొటీన్ ఉంది గాని ఉప్పు కూడా అంతే ఉంది. బీపీ ఉంటే వద్దు.

ఈ లెక్క అందరికీ చెల్లదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల వాళ్ళు ప్రొటీన్ పెంచే ముందు కిడ్నీ పరీక్ష చేయించాలి. ఇదే ఉద్దానం, ఇక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువన్న సంగతి మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కిడ్నీ పరీక్షలో కొలిచే క్రియాటినిన్ అనే వ్యర్థం తయారయ్యేది కండలోనే. కండ కరిగిపోయిన మనిషికి కిడ్నీ దెబ్బతిన్నా రిపోర్టులో క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు. ఆ ఒక్క అంకె చూసి “బాగానే ఉంది” అనుకోకూడదు. వయసు కూడా లెక్కలోకి తీసుకుని కిడ్నీ ఎంత వడకడుతోందో అంచనా చెప్పే ఇజీఎఫ్ఆర్ అడగండి. అనుమానం మిగిలితే కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్ సి పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. డయాలసిస్ మొదలుకాని కిడ్నీ రోగికి ప్రొటీన్ తగ్గించమంటారు, డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి పెంచమంటారు. కాబట్టి పక్కింటాయనకి చెప్పింది మీ నాన్నగారికి వర్తించదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు ఇలాంటి కిడ్నీని ఇంకా పాడుచేస్తాయి. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ మేలు. అలాగని నొప్పి ఓర్చుకోమనడం లేదు. నొప్పి ఉంటే వ్యాయామం జరగదు, అందుకని వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు బిళ్ళ పడేలా చూసుకోండి. విటమిన్ డి 60,000 యూనిట్లది రాస్తే అది సాధారణంగా వారానికి ఒకటి. రోజూ వేసుకుంటే ఒంట్లో కాల్షియం పెరిగిపోయి ప్రమాదం.

తిండి ఒక్కటే చాలదు. బరువు మోయని కండకి ఎంత పెట్టినా కట్టదు. ఏ అడ్డూ లేకపోతే ఆపరేషన్ మరుసటి రోజే లేపి నిలబెడతారు. కాలి మీద ఎంత బరువు మోపొచ్చో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా వదిలేస్తే ఇంటికొచ్చాక ఒకరు మోపమంటారు, ఇంకొకరు వద్దంటారు, చివరికి మనిషి మంచం మీదే ఉండిపోతుంది.

ఒక్క వ్యాయామమే చేయించగలను అంటే, కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయించండి. చేతులున్న కుర్చీ కావాలి. టైల్స్ మీద ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, గోడకి ఆనించండి. దుప్పట్లు మడతపెట్టి వేసి సీటు 20 అంగుళాల ఎత్తుకి తేండి. కుర్చీ అంచుకి జరగాలి, పాదాలు మోకాళ్ళకన్నా కొంచెం వెనక్కి ఉండాలి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకి వంగి లేవాలి. చాలామంది వెనక్కి వాలి లేవబోయి మళ్ళీ కూలబడతారు, మనం దాన్ని బలహీనత అనుకుంటాం. తుంటి కీలులోని బంతి మార్చిన ఆపరేషన్ అయితే, తుంటి 90 డిగ్రీలకు మించి వంచొద్దని చెప్పి ఉంటే ఇంతలా వంగకూడదు. అప్పుడు సీటు ఇంకా ఎత్తు పెట్టి, ఆపరేషన్ కాలు కొంచెం ముందుకి చాపి లేపాలి. కూర్చునేటప్పుడు ఒకటి, రెండు, మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. ధబ్బున పడిపోతే సగం వ్యాయామం పోయినట్టే. ఐదుసార్లు, రోజుకి మూడు విడతలు. చేతులు ఆనించకుండా వరుసగా పది చేయగలిగిన రోజు ఒక దుప్పటి తీసేయండి. మామూలు ఎత్తు కుర్చీలో చేతులు కట్టుకుని ఐదుసార్లు 12 సెకన్లలోపు లేవగలగడం మన గురి.

మోసం జరిగేది ఇక్కడే. మంచి కాలు మొత్తం మోసేస్తుంది, ఆపరేషన్ కాలు ఊరికే పక్కన ఉంటుంది. బరువు మోపొచ్చని డాక్టర్ చెప్పాక, వంపు మీద ఆంక్షలు లేకపోతే, ఆపరేషన్ కాలి పాదాన్ని రెండో పాదానికన్నా రెండు అంగుళాలు వెనక పెట్టి లేపండి. అప్పుడు ఆ కాలు పని తప్పించుకోలేదు.

రెండోది తొడ ముందు కండకి. కుర్చీలో కూర్చోబెట్టి, అరకిలో బియ్యం తువ్వాలులో చుట్టి చీలమండకి కట్టి మోకాలు చాపించండి. మూడు అంకెలు ఆపి దించాలి. పదిసార్లు చేయిస్తే చివరి రెండు మూడుసార్లు కాలు వణికేలా ఉండాలి. వణక్కపోతే బరువు చాలలేదు. 12 తేలిగ్గా వస్తుంటే మరో అరకిలో కలపండి. బరువులు రోజు విడిచి రోజు చాలు. కిటికీ ఊచలు పట్టుకుని మడమలు ఎత్తడం, కాలు పక్కకి చాపడం కూడా చేయించండి. పక్కకి చాపే కండ బలహీనంగా ఉంటే నడకలో నడుము ఒక పక్కకి ఒరుగుతుంది. నూనె మర్దనతో హాయిగా ఉంటుంది, కండ రాదు. పిక్క వాచి నొప్పిగా ఉంటే మర్దన అసలు వద్దు. లోపల రక్తం గడ్డ ఉండొచ్చు, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కాలు ఉన్నట్టుండి పొట్టిగా, బయటికి గానీ లోపలికి గానీ తిరిగి కనబడినా అంతే.

వాకర్ పిడి, చెయ్యి వదులుగా వేలాడేస్తే మణికట్టు దగ్గరికి రావాలి. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, తర్వాత మంచి కాలు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. చేతికర్రకి మారాక అది ఆపరేషన్ కాలికి ఎదుటి చేతిలో ఉండాలి.

పిల్లలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉండి ఇంట్లో ముసలివాళ్ళిద్దరే ఉన్నచోట, రోజూ ఒకే వేళకి వీడియో కాల్ చేసి లెక్కపెట్టడం పనికొస్తుంది. ఫోన్‌ని కుర్చీకి పక్కగా పెట్టమనండి. ఎదురుగా పెడితే ముందుకి వంగుతున్నారో లేదో కనబడదు. నులక మంచం కుంగుతుంది, అందులోంచి లేవడం మంచి కాళ్ళకే కష్టం, చెక్క మంచానికి మార్చండి. కమోడ్ కుర్చీ మంచం పక్కన రాత్రికి మాత్రమే ఉంచండి. తెల్లారగానే దాన్ని తీసేస్తే, బాత్రూముకి వెళ్ళిరావడమే రోజుకి ఆరేడుసార్ల నడక.