సముద్రం లేని ఉగాండాలో నీళ్ల వెంట

ఉగాండాకు సముద్రం లేదు. చుట్టూ కెన్యా, టాంజానియా, రువాండా, కాంగో, దక్షిణ సూడాన్. అయినా విమానం ఎంటెబీలో దిగుతుంటే కిటికీలోంచి కనిపించేదంతా నీళ్లే. అది విక్టోరియా సరస్సు. విస్తీర్ణం దాదాపు 68,800 చదరపు కిలోమీటర్లు. అవతలి ఒడ్డు కనిపించదు, అలలు కూడా వస్తుంటాయి.

మా పెద్దనాన్న కొడుకు కంపాలాలో అకౌంటెంట్. ఫోన్లో ముందే చెప్పాడు, "ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ మర్చిపోకురా, స్వెట్టర్ కూడా పెట్టుకో" అని. దేశం భూమధ్యరేఖ మీదే ఉన్నా, కంపాలా సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉంది. పొద్దున పూట గాలి చల్లగా, హాయిగా ఉంటుంది. నగరమంతా ఎర్రమట్టి కొండలు, అరటి చెట్లు, వాటి మధ్య దూసుకుపోయే బోడా బోడాలు. అంటే బైక్ టాక్సీలు. ఆ ట్రాఫిక్‌లో వాటి మీద కూర్చోవాలంటే మొదట నాకు టెన్షనే.

భోజనం మటోకే. పచ్చి అరటికాయల తొక్క తీసి, అరటాకుల్లో మూటకట్టి ఆవిరి మీద ఉడికించి, మెత్తగా మెదిపి, వేరుశనగ పులుసుతో పెడతారు. ఉప్పూ కారం తక్కువ. అన్నయ్య ఇంట్లో ఆవకాయతో తిన్నాం, బ్రహ్మాండంగా కుదిరింది.

కంపాలా నుంచి జింజా 80 కిలోమీటర్లు. ఈ దేశం ఎలా బతుకుతోందో ఆ రోడ్డు మీద తెలుస్తుంది. పెట్రోలు ట్యాంకర్లు, కంటైనర్ లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. వీటిలో ఎక్కువ భాగం కెన్యాలోని మొంబాసా రేవు నుంచి 1,100 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వస్తున్నవే. మందులు, మోటార్ సైకిళ్లు, యంత్రాల విడిభాగాలు, ఏది కావాలన్నా ప్రధానంగా ఆ దారే దిక్కు. కెన్యాలో గొడవలు జరిగితే ఇక్కడ పెట్రోలు ధర పెరుగుతుంది. సొంత రేవు లేకపోవడం అంటే ఏమిటో ఆ లారీల వరుస చూస్తే అర్థమవుతుంది.

జింజా దగ్గర నైలు మీద తీగల వంతెన ఉంది, పొడవు 525 మీటర్లు. 2018లో ప్రారంభించారు. అంతకుముందు ఆ బరువంతా మోసింది 1954 నాటి ఓవెన్ ఫాల్స్ డ్యామ్ మీది రోడ్డే.

విక్టోరియా సరస్సు నుంచి నైలు బయల్దేరే చోటు ఈ ఊళ్లోనే. పడవ ఎక్కాం. ఒకచోట నీళ్లు కింది నుంచి బుడగలతో ఉబికి, సుడులు తిరుగుతూ పక్కకు జారుతున్నాయి. పడవ నడిపే అతను ఇంజన్ ఆపాడు. ఒక్క క్షణంలో పడవ ఉత్తరం వైపు తిరిగిపోయింది. ఇక్కడి నీళ్లు ఈజిప్టు దాటి మధ్యధరా సముద్రం చేరడానికి మూడు నెలలు పడుతుందని చెప్పాడు.

ఒడ్డున గాంధీగారి విగ్రహం ఉంది. 1948లో ఆయన చితాభస్మంలో కొంత ఇక్కడ నైలులో కలిపారు. 1997లో ప్రధాని ఐ.కె. గుజ్రాల్ ఈ విగ్రహాన్ని ఆవిష్కరించారు. అక్కడ చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాను.

జింజా మెయిన్ స్ట్రీట్‌లో నన్ను కదిలించినవి పాత భవనాలు. పైఅంతస్తు నుదుట సిమెంటుతో పోతపోసిన గుజరాతీ పేర్లు, కట్టిన సంవత్సరాలు. కింద ఫోన్ల దుకాణాలు, సెలూన్లు. 1896లో మొంబాసాలో మొదలై 1901లో సరస్సు ఒడ్డుకు చేరిన రైలు మార్గం కోసం బ్రిటిష్ వాళ్లు మనదేశం నుంచి 30 వేల మందికి పైగా కూలీలను తెచ్చారు. దాదాపు 2,500 మంది ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది పని అయ్యాక తిరిగి వెళ్లిపోయారు. వ్యాపారులు మాత్రం ఆ పట్టాల వెంట లోపలికి వచ్చి దుకాణాలు పెట్టారు. 1972 ఆగస్టులో అప్పటి నియంత ఈదీ అమీన్ ఆసియా వాళ్లకు 90 రోజుల గడువిచ్చి దేశం నుంచి వెళ్లగొట్టాడు. పుట్టి పెరిగిన ఇల్లు వదిలి సూట్‌కేసుతో వెళ్లడమంటే మాటలా! 1986లో అధికారంలోకి వచ్చిన ముసెవెనీ తిరిగి రమ్మన్నారు. కొందరు వచ్చి ఆస్తులు తీసుకున్నారు, చాలామంది రాలేదు.

తిరుగు దారిలో రోడ్డు పక్క రోలెక్స్ తిన్నాం. క్యాబేజీ, టమాటా వేసిన ఆమ్లెట్టును వేడి చపాతీలో చుట్టి ఇస్తారు. చపాతీ మనవాళ్లతో వచ్చిందే, ఇప్పుడది పూర్తిగా ఉగాండా తిండి.

కెన్యా సరిహద్దులోని మలాబా నుంచి కంపాలాకు 272 కిలోమీటర్ల కొత్త స్టాండర్డ్ గేజ్ (మన బ్రాడ్‌గేజ్ కంటే కాస్త వెడల్పు తక్కువ) రైలు మార్గానికి 2024లో ఒప్పందం జరిగింది. కెన్యా లైనుతో అది కలవాలి. కలిస్తే ఆ లారీల బరువు తగ్గుతుంది, కాఫీ అమ్ముకునే రైతుకు రవాణా ఖర్చు మిగులుతుంది. అది త్వరగా పూర్తవ్వాలని మనసారా కోరుకుంటున్నాను.