ముందు జాక్, వెనక జాక్, బాపు క్యాసెట్లు

బాపు రికార్డు చేసి పెట్టుకున్న ఒగ్గుకథ క్యాసెట్లను కంప్యూటర్‌ల ఎక్కించే పని మూడో నెలల పడ్డది. హన్మకొండల మా మేడమీది గదిల, రాత్రి తొమ్మిది దాటినంక కూర్చుంట. మూడు క్యాసెట్లు అయిపోయినయనుకున్న. పోయిన ఆదివారం వాటినే ఫోన్‌కు డాంగిల్ (ఫోన్‌కు హెడ్‌ఫోన్ తగిలించే చిన్న అడాప్టర్) పెట్టి, అదే హెడ్‌ఫోన్‌తో విన్న. డోలు పీలగ వినవడ్డది. కంప్యూటర్ ముందు జాక్‌ల విన్నప్పుడు డోలు మరీ గుమ్మంటున్నదని బేస్‌ను కోసింది నేనే.

మదర్‌బోర్డు సౌండ్ పనికిరాదు, డాక్ (డిజిటల్ ఫైల్‌ను హెడ్‌ఫోన్‌కు పోయే సిగ్నల్‌గ మార్చే విడి డబ్బా) కొనుమన్నడు దోస్తు. కొనే ముందు కొలుద్దామనిపించింది.

ఇంట్ల ఉన్న పసుపురంగు మల్టీమీటర్‌ల ఏసీ 200 వోల్టుల రేంజ్ నుంచే మొదలు, అరవోల్టు అందుల తేలదు. 2 వోల్టుల ఏసీ రేంజ్ ఉన్న మీటర్ అడిగి తెచ్చుకున్న. 100 హెర్ట్జ్ సైన్ టోన్ పెట్టి, జాక్‌కు ఏమీ తగిలించకుండ 0.50 వోల్టులు వచ్చేదాక వాల్యూమ్ సరిచేసిన. తర్వాత 33 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి మళ్ల చూసిన. క్యాబినెట్ ముందు జాక్‌ల 0.155కు పడిపోయింది. వెనక పచ్చ జాక్‌ల 0.47 దగ్గర నిలవడ్డది. తగ్గిన వోల్టేజీని మిగిలిన వోల్టేజీతో భాగించి 33తో గుణిస్తే అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే జాక్ లోపలి అడ్డు, వస్తది: ముందు 73 ఓమ్‌లు, వెనక 2.

నా హెడ్‌ఫోన్ మీద 32 ఓమ్‌లని రాసి ఉంటది గని అన్ని ఫ్రీక్వెన్సీలకు అంతే ఉండదు. కొలిస్తే 300 హెర్ట్జ్ దగ్గర 34, 90 దగ్గర 60. జాక్ లోపలి అడ్డు ఎక్కువుంటే, హెడ్‌ఫోన్ ఓమ్‌లు ఎక్కువున్న కాడ చప్పుడు పెరుగుతది. లెక్కగడితే ముందు జాక్‌ల 90 హెర్ట్జ్ చప్పుడు 3 డెసిబెల్స్ పైకి లేస్తున్నది, వెనక జాక్‌ల 0.2 మాత్రమే. డోలు గుమ్మనుడు అక్కడిదే. మౌస్ కదిలిస్తే వచ్చే సన్నని సుయ్ చప్పుడు కూడా ముందు జాక్‌లనే. దాని వైరు గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచే పోతది.

బుధవారం వెనక జాక్‌నూ డాంగిల్‌నూ మీటర్‌తో ఒకే వోల్టేజీకి తెచ్చిన. కొంచెం గట్టిగ వినవడ్డదే మంచిగున్నట్టు అనిపిస్తది కాబట్టి ఇది తప్పనిసరి. విండోస్‌ల ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేసిన. నేను కండ్లు మూసుకుంటే తమ్ముడు పదిసార్లు మార్చి మార్చి పెట్టిండు. ఆరు సరిగ్గ చెప్పిన. బొమ్మ బొరుసు వేసినా అన్ని వస్తయి.

నా హెడ్‌ఫోన్‌కు వెనక జాక్ సరిపోతది, డాక్ కొంటలేను. దోస్తుకున్న 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు మాత్రం చాలలేదు. ఫుల్ వాల్యూమ్ పెట్టినా క్యాసెట్‌ల మెల్లగున్న మాటలు సరిగ్గ వినరాలేదు. అసువంటి దానికి ఆంప్లిఫయర్ కొనుడు దండగ కాదు.

రెండు మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి వెనక జాక్‌ను టేబుల్ మీదికి గుంజుకున్న. కోయని ఫైళ్లు విడిగ దాచి పెట్టుకున్న కాబట్టి బతికిపోయిన. మొదటి క్యాసెట్ మళ్ల మొదలుపెట్టిన. ఈసారి డోలు మీద చెయ్యి వెయ్యలేదు, టేప్ హిస్ (క్యాసెట్ వెనక వచ్చే సుస్సుమనే చప్పుడు) ఒక్కటే తగ్గించిన.