బీసీ547 మైక్ ఆంప్లిఫయర్: బయాస్ రెసిస్టర్ల లెక్క తేలింది

9 వోల్టుల బ్యాటరీ మీద నడిచే ఒకే ట్రాన్సిస్టర్ దశ ఇది; ట్రాన్సిస్టర్ బీసీ547. సిగ్నల్ లేనప్పుడు దానిలో ఎంత కరెంటు పారాలో నిర్ణయించేవే బయాస్ రెసిస్టర్లు. ప్రస్తుతానికి బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా గుచ్చే బోర్డు) మీదే ఉంది.

బేస్, కలెక్టర్, ఎమిటర్ అన్నవి ట్రాన్సిస్టర్ మూడు కాళ్లు. తొలి రూపంలో ప్లస్ నుంచి బేస్‌కి ఒక్క 1.8 మెగాఓమ్ రెసిస్టర్, కలెక్టర్‌కి 3.9 కిలోఓమ్, ఎమిటర్ నేరుగా గ్రౌండ్‌కి. బీటా (బేస్ కరెంటుకి కలెక్టర్ కరెంటు ఎన్నింతలో చెప్పే సంఖ్య) 200 ఉన్న పీసు పెడితే కలెక్టర్ 5.4 వోల్టుల దగ్గర నిలుస్తుంది, బాగుంటుంది. అక్కడే బీటా 450 ఉన్నది గుచ్చితే 0.9 వోల్టుకి పడిపోతుంది; సిగ్నల్ కింది సగం తెగిపోతుంది. ఆ రెండూ బీసీ547బీలే, డేటాషీట్ హద్దులే 200 నుంచి 450. ఏ, బీ, సీ రకాలు కలిపితే 110 నుంచి 800. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌లో కవర్లో వేసి ఇచ్చే పదింటిలో ఏది ఎంతో చూసి చెప్పలేం. పైగా రేపు సోల్డర్ చేశాక చెన్నై తేమకి బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ జిగురు తోడైతే, అంత పెద్ద రెసిస్టర్ పక్కన లీకేజీ కూడా లెక్కలోకి వస్తుంది. ఈ పద్ధతి వదిలేయడమే మేలు.

రెండో రూపానికి లెక్క ఎమిటర్ దగ్గర మొదలైంది. అక్కడ 1 వోల్టు ఉండాలి. కారణం వేడి: బేస్-ఎమిటర్ వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఏసీ గదిలో 25 డిగ్రీలు, మే నెలలో డాబా మీద 40 అనుకుంటే తేడా 30 మిల్లీవోల్టులు. 1 వోల్టులో అది 3 శాతమే. ఎమిటర్‌కి 0.2 వోల్టే ఇస్తే 15 శాతం అవుతుంది.

కరెంటు 1 మిల్లీఆంపియర్ అనుకున్నాం కాబట్టి ఎమిటర్ రెసిస్టర్ 1 కిలోఓమ్, కలెక్టర్‌కి అదే 3.9. ఆ 1 వోల్టుకి బేస్-ఎమిటర్ మధ్య 0.65 కలిపితే బేస్ దగ్గర 1.65 వోల్టులు కావాలి. దాన్ని ఇచ్చేది డివైడర్: ప్లస్ నుంచి బేస్‌కి ఒక రెసిస్టర్, బేస్ నుంచి గ్రౌండ్‌కి ఇంకొకటి. బీటా 110 అయినా బేస్ లాగేది 9 మైక్రోఆంపియర్లే; డివైడర్‌లో దానికి పదింతలు, అంటే సుమారు 100 మైక్రోఆంపియర్లు పారాలి. పైన 73, కింద 16 కిలోఓమ్‌లు వస్తాయి. దొరికేవి 68, 15.

ఈ విలువలతో బీటా 110 అయితే కలెక్టర్ 5.6 వోల్టులు, 200కి 5.4, 800కి 5.25. ఏ పీసు గుచ్చినా పనిచేస్తుంది. ఇక మిగిలిన బెడద రెసిస్టర్లదే. 5 శాతం రకంలో 68 పైకి, 15 కిందికి తప్పితే బేస్ 0.13 వోల్టు దిగుతుంది, కరెంటు 13 శాతం తగ్గుతుంది. ఆ రెండింటికి 1 శాతం మెటల్ ఫిల్మ్ వాడండి, మిగతావాటికి అక్కర్లేదు. బ్యాటరీ 7 వోల్టులకి దిగితే కరెంటు 0.58 మిల్లీఆంపియర్‌కి తగ్గుతుంది; కలెక్టర్ 4.75 దగ్గర ఉంటుంది, మైక్ సిగ్నల్‌కి అది చాలు.

గెయిన్ (సిగ్నల్ ఎన్నింతలు పెరుగుతుందన్నది) కోసం ఎమిటర్‌లోని 1 కిలోఓమ్‌ని 180, 820 ఓమ్‌లుగా విడగొట్టి, గ్రౌండ్ వైపున్న 820కి సమాంతరంగా 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి; సిగ్నల్ ఆ రెసిస్టర్‌ని తప్పించుకుని పోతుంది, బైపాస్ అంటే అదే. గెయిన్ దాదాపు 18. మొత్తం 1 కిలోఓమ్‌నీ బైపాస్ చేస్తే 130 దాటుతుంది గానీ, అది కరెంటుతో పాటు మారుతూ డిస్టార్షన్ తెస్తుంది. ఇన్‌పుట్‌కి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ సరిపోతుంది.

పనిచేయకపోతే మైక్ తీసేసి మూడు కాళ్ల దగ్గరా వోల్టేజి కొలవండి. కలెక్టర్, ఎమిటర్ రెండూ 2 వోల్టుల దగ్గర ఉంటే 15 కిలోఓమ్ ఊడింది. రెండూ సమానంగా 0.3 వోల్టు చుట్టుపక్కలే ఉంటే 3.9 బదులు 39 కిలోఓమ్ పడింది: రెసిస్టర్ మీది మూడో రంగు గీత ఎరుపా నారింజా అన్నది ట్యూబ్‌లైటు వెలుతురులో తేలిగ్గా పొరబడతాం. బేస్ 1.6 ఉండి ఎమిటర్ సున్నా అయితే బేస్-ఎమిటర్ జంక్షన్ పోయింది, లేదా కాలు సాకెట్‌లో తగలడం లేదు. కలెక్టర్ 8 దాకా లేచి గెయిన్ లేకపోతే ట్రాన్సిస్టర్ తిరగబడింది. చదునైన ముఖం మనవైపు, కాళ్లు కిందికి ఉంటే బీసీ547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. మరో రకం ట్రాన్సిస్టర్ 2ఎన్3904కి ఈ వరుస సరిగ్గా తలకిందులు.

తర్వాతి పని అవుట్‌పుట్ వైపు. 10 కిలోఓమ్ వాల్యూమ్ కంట్రోల్ తగిలించగానే గెయిన్ 18 నుంచి 13కి దిగుతుంది, కాబట్టి మధ్యలో ఒక ఎమిటర్ ఫాలోయర్ (వోల్టేజిని పెంచకుండా, లోడును మోసే ట్రాన్సిస్టర్ దశ) కావాలి. దాని బేస్‌ని కలెక్టర్‌కే నేరుగా కలిపేస్తే 5.4 వోల్టులు అక్కడే దొరుకుతాయి, మరో డివైడర్ అక్కర్లేదు, ఎమిటర్‌కి 4.7 కిలోఓమ్ చాలు.