ఇచ్ఛాపురం ప్లాట్‌ఫాం మీద ‘ఒకేసారి’

బరంపురం వైపు పోయే రైలు ఇచ్ఛాపురంలో ఆగకుండా దూసుకుపోతోంది. లోపలున్నవాళ్లకు ఎదుటి సీటు కదలదు, కొబ్బరిచెట్లు వెనక్కి పోతాయి. ప్లాట్‌ఫాం మీదివాళ్లకు చెట్లు కదలవు. ఇద్దరి మాటా నిజమే. గెలీలియో 1632లోనే ఓడను చూపించి చెప్పిన సంగతి ఇది. 1905లో ఐన్‌స్టీన్ దీనికి ఇంకొకటి కలిపాడు: శూన్యంలో కాంతి వేగం ఇద్దరికీ సెకనుకు 29,97,92,458 మీటర్లే.

నిర్దేశ చట్రం అంటే ఒక మనిషి చూపు కాదు. దారి పొడవునా పరిచిన స్కేళ్లు, ప్రతి గుర్తు దగ్గరా ఒక గడియారం. రెండు గడియారాలను కలపాలంటే సరిగ్గా నడిమధ్య దీపం వెలిగించి, వెలుగు తాకిన క్షణాన రెంటినీ ఒకే అంకెకు పెట్టాలి. బ్రేకు పడి టీ ఒలికే రైలుకు ఈ లెక్కలు ఇలాగే వాడకూడదు. వేగమూ దిశా మారకూడదు.

ఇక అందరూ తడబడే చోటు. రైలు పొడవు దాని చట్రంలో 500 మీటర్లు, ప్లాట్‌ఫాం 400, వేగం కాంతి వేగంలో 0.6 వంతు అనుకుందాం. కదిలే వస్తువు కదిలే దిశలో పొట్టిబడుతుంది; పొడవును ఎంతతో భాగించాలో చెప్పే అంకె పేరు గామా. ఈ వేగానికి గామా 1.25. ప్లాట్‌ఫాం లెక్కలో రైలు 500/1.25, అంటే 400 మీటర్లు. సరిగ్గా పట్టింది. ఆ క్షణాన రెండు కొసల్లోనూ దీపాలు ఒకేసారి వెలిగాయి. రైలు లెక్కలోనో కదిలేది ప్లాట్‌ఫాం, కాబట్టి అదే 400/1.25, అంటే 320 మీటర్లు! 500 మీటర్ల రైలు అందులో ఎలా పడుతుంది?

చాలామంది ఇక్కడ సిద్ధాంతమే తప్పంటారు. నిజానికి వాళ్లు పొడవులు మార్చి, ‘ఒకేసారి’ని మార్చడం మరిచారు. రైలు గడియారాల ప్రకారం ఇంజిన్ వైపు దీపం ముందు వెలిగింది. ఎంత ముందు? కాంతి వేగాన్ని సెకనుకు సుమారు 30 కోట్ల మీటర్లుగా తీసుకుంటే, 1.25 × 0.6 × 400 ÷ 30 కోట్లు = 1 మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షలవ వంతు. అప్పటికి రైలు తోక 180 మీటర్లు బయటే ఉంది. ఆ మైక్రోసెకనులో ప్లాట్‌ఫాం వెనక్కి జరిగేదీ 180 మీటర్లే. 320 + 180 = 500. ఎంత చక్కగా సరిపోయిందో చూడండి!

ఇంకో పొరపాటు, ‘కనబడటం’, ‘జరగడం’ ఒకటే అనుకోవడం. 400 మీటర్లు దాటడానికి కాంతికే 1.33 మైక్రోసెకన్లు పడుతుంది. మనం వెతికే తేడా కన్నా అదే ఎక్కువ, కాబట్టి ముందు దాన్ని తీసేయాలి.

కదిలే గడియారం కూడా నెమ్మదిస్తుంది, కానీ రోజూ మనకు తెలియదు: గంటకు 108 కిలోమీటర్ల మామూలు రైల్లో గంట ప్రయాణానికి, వేగం వల్ల ప్లాట్‌ఫాం గడియారాల కన్నా రైలు గడియారం వెనకబడేది దాదాపు 18 పికోసెకన్లు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు).