డబ్బా టీవీయే, కానీ వెడల్పుది

డబ్బా టీవీ, అదే పాత ట్యూబ్ టీవీ, కొంటానంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. హాల్లో 43 అంగుళాల ఎల్‌ఈడీ ఉండగా మళ్లీ ఇదెందుకని అమ్మ అడిగింది. కారణం చిన్నదే. రెండు అట్టపెట్టెల నిండా పాత డీవీడీలున్నాయి, అక్క పెళ్లి క్యాసెట్ ఉంది. వాటిని ఎల్‌ఈడీలో పెడితే ముఖాలు మైనం పూసినట్టు నున్నగా కనిపిస్తాయి. నా డీవీడీల్లో బొమ్మకు ఉండేవి 576 గీతలు. అవి కూడా బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఇంకోసారి వస్తాయి. కొత్త టీవీ వాటిని కలిపి, సాగదీసి, 2160 గీతల తెర మీద పరచాలి. ట్యూబ్ టీవీకి ఆ తిప్పలే లేదు. దాన్ని తయారుచేసిందే ఆ సిగ్నల్ కోసం.

సైజు విషయంలో నా గదే తీర్పు చెప్పేసింది. విశాఖ అక్కయ్యపాలెంలో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, గది పది బై పది. మంచానికీ బల్లకూ మధ్య ఆరడుగులు. 29 అంగుళాల ఫ్లాట్ ట్యూబ్ టీవీ అంటే యాభై కిలోల దాకా తూగుతుంది. మోసేవాళ్లు దొరికినా బల్ల ఒప్పుకోదు. కాబట్టి చిన్నదే కావాలి. చిన్నవాటిలో 21 అంగుళాల మామూలు టీవీలు ఏ పాత సామాన్ల కొట్లో అడిగినా దొరుకుతాయి, బేరం కూడా ఆడక్కర్లేదు. నాకు కావలసింది మాత్రం 16:9 (వెడల్పు 16 పాళ్లు, ఎత్తు 9 పాళ్లు) వెడల్పు ట్యూబ్. మన దగ్గర అది అరుదు. అప్పట్లో మన ఛానెళ్లన్నీ 4:3లోనే వచ్చేవి, వెడల్పు తెర కొనాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. ఆ అవసరం వచ్చేసరికి షాపుల్లో ఎల్‌సీడీలు దిగిపోయాయి.

అంత వెడల్పు నిజంగా కావాలా అని ముందు కాగితం మీద లెక్క వేసుకున్నాను. ట్యూబ్ టీవీలకు చెప్పే అంగుళాల్లో చుట్టూ ఉండే చట్రం వెనక దాగే గాజు కూడా కలిసి ఉంటుంది. 21 అంగుళాలదానిలో కంటికి కనిపించేది మూల నుంచి మూలకు 51 సెంటీమీటర్లు, అంటే వెడల్పు 41, ఎత్తు 30 చిల్లర. 24 అంగుళాల వెడల్పు ట్యూబ్‌లో కనిపించేది 56 సెంటీమీటర్లు. వెడల్పు దాదాపు 49, ఎత్తు 27 చిల్లర. 16:9 బొమ్మ మామూలు దాంట్లో 23 సెంటీమీటర్ల ఎత్తుకు కుంగిపోతుంది. వెడల్పు దాంట్లో తెర నిండా వస్తుంది. మన తెలుగు సినిమాలు ఎక్కువగా స్కోప్, అంటే 16:9 కన్నా వెడల్పు, కాబట్టి దేంట్లోనైనా పైనా కిందా నల్ల పట్టీలు తప్పవు. అయినా బొమ్మ ఎత్తు అక్కడ 17, ఇక్కడ దాదాపు 21. ఆరడుగుల దూరం నుంచి చూసేవాడికి ఆ నాలుగు సెంటీమీటర్లు బాగా తెలుస్తాయి. నష్టం అక్క పెళ్లి క్యాసెట్‌కే. అది 4:3 కనక రెండు పక్కలా ఖాళీ వదిలి, 21 అంగుళాల టీవీలో కన్నా చిన్నగా కనిపిస్తుంది. పెళ్లి చూసేది ఏడాదికోసారి, సినిమాలు వారం వారం. అక్కకు ఈ లెక్క చెప్పలేదు.

ఇంకో సంగతి డీవీడీ అట్టల మీద చూసుకోవాలి. 'అనామార్ఫిక్' అని గానీ, '16:9 టీవీలకు' అని గానీ ఉంటే 576 గీతలూ వెడల్పు ఫ్రేముకే వాడినట్టు. చాలా పాత డిస్కుల్లో నల్ల పట్టీలతో సహా 4:3 ఫ్రేములో అచ్చువేసి ఉంటుంది. అలాంటిది వెడల్పు టీవీలో పెడితే నాలుగు వైపులా నలుపే. కాబట్టి టీవీలో జూమ్ ఉండాలి, దాన్ని నొక్కడానికి రిమోట్ ఉండాలి. నా పెట్టెల్లో రెండు రకాలూ ఉన్నాయి.

మా వీధి టీవీ మెకానిక్‌ని తోడు రమ్మన్నాను. "ఏటి సార్, ఈ కాలంలో డబ్బా టీవీయా? మా ఇంట్లోనే మూడున్నాయి, పట్టుకుపోండి" అన్నాడు. వెడల్పుది కావాలంటే మాత్రం ఆలోచనలో పడ్డాడు. "అవి షిప్పులోళ్ల ఇళ్లల్లో ఉంటాయి సార్" అన్నాడు చివరికి. నిజమే, మర్చంట్ నేవీలో చేసినవాళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు. అప్పట్లో వాళ్లు ఏ రేవుకెళ్తే ఆ రేవు నుంచి టీవీలు మోసుకొచ్చారు.

అలా ముందు గాజువాకలో ఒకటి దొరికింది. జపాన్‌ది, గీతైనా పడని తెర. మెకానిక్ టీవీని ఆన్ చెయ్యకుండా వెనక్కి తిప్పి స్టిక్కర్ చదివాడు. 100 వోల్టులు. మన కరెంటు 230. "స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు సార్. కానీ ఏదో ఒకరోజు ఇంట్లోవాళ్లు డైరెక్టుగా ప్లగ్గు పెట్టేస్తారు. అంతే సంగతి." పైగా అక్కడ నడిచిన టీవీ సిగ్నల్ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. ప్లేయర్‌తో మార్చుకోవచ్చు గానీ, సిగ్నల్‌ని మార్చకుండా చూడాలనే కదా ఈ గోలంతా. దండం పెట్టి వచ్చేశాం.

ద్వారకానగర్‌లో ఒక సెకండ్ హ్యాండ్ షాపువాడు వెడల్పుది లేదని స్లిమ్ ట్యూబ్ అంటగట్టబోయాడు. 2005 ప్రాంతంలో వచ్చిన రకం. లోతు తగ్గించడం కోసం, తెర మీద బొమ్మ గీసే ఎలక్ట్రాన్ కిరణాన్ని 125 డిగ్రీల దాకా వంచుతారు. అంత వంపులో మూలల్ని సూటిగా ఉంచడం కష్టం. న్యూస్ ఛానెల్ పెట్టమన్నాను. కింద పరుగెత్తే స్క్రోలింగ్ నడిమధ్యలో బాగానే ఉండి, చివరికొచ్చేసరికి పైకి వంగుతోంది. ట్యూబ్ టీవీ కొనేవాళ్లకు ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలీదు, ఖర్చు కూడా లేదు.

నేను కొన్నది లాసన్స్ బేలో. ఆంటీ ఒక్కరే ఉంటారు. అంకుల్ షిప్ మీద పనిచేసే రోజుల్లో రాటర్‌డామ్‌లో కొన్న 24 అంగుళాల వెడల్పు టీవీ. స్టిక్కర్ మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్, పాల్. ప్రాణం లేచొచ్చింది. ఛానెళ్లు పట్టే ట్యూనర్ సంగతి పట్టించుకోలేదు. 2013లో విశాఖ కేబుల్ డిజిటల్ అయిపోయాక సెట్‌టాప్ బాక్స్ లేకుండా ఏ టీవీకీ ఛానెళ్లు రావు.

సముద్రానికి అంత దగ్గరి ఇంట్లో చూడాల్సింది వేరే. వెనక సాకెట్లకు పచ్చగా చిలుము పట్టింది. ఉప్పుగాలి పని. మెకానిక్ గోటితో గీకితే కింద లోహం మెరిసింది, పర్వాలేదన్నాడు. "హుద్‌హుద్ తుఫానులో తడిసిందా ఆంటీ?" అని అడిగాను. ఈ ఊళ్లో 2014 అక్టోబరుకు ముందు కొన్న ఏ వస్తువు గురించైనా అడగాల్సిన ప్రశ్న అది. కిటికీ అద్దాలు పోయాయి గానీ టీవీ లోపలి గదిలో ఉందన్నారు.

చల్లగా ఉన్న టీవీనే ఆన్ చేయించాను. ముందే వేడెక్కించి చూపిస్తే వీక్ ట్యూబ్ కూడా బాగానే కనిపిస్తుంది. 'ధబ్' అని చప్పుడు, చిన్న వణుకు, కొద్ది సెకన్లలో బొమ్మ. వీక్ ట్యూబయితే నిమిషాల తరబడి మసగ్గా ఉండి, తెలుపు చోట వెండి పూతలా అలుక్కుపోతుంది. ఇక్కడ అలాంటిదేం లేదు. కానీ కుడివైపు మూల వంగపండు రంగు మచ్చ ఉంది.

"అందుకే బాబూ పక్కన పెట్టేశాం. పిక్చర్ ట్యూబ్ పోయిందన్నారు" అన్నారు ఆంటీ. మెకానిక్ నా వైపు చూసి కళ్లెగరేశాడు. మచ్చ ఉన్న వైపునే, టీవీకి ఆనించి, హోమ్ థియేటర్ స్పీకరు ఉంది. దాని అయస్కాంతం తెర వెనక ఉండే రంధ్రాల లోహపు రేకును అయస్కాంతం చేసేస్తుంది. దాంతో కిరణం తప్పుడు రంగు చుక్క మీద పడుతుంది. బేరం కుదిరాక చెబుదామన్నది మెకానిక్ సైగ. నాకు మనసొప్పలేదు, అప్పుడే చెప్పేశాను. స్పీకరు జరిపి, మెయిన్ స్విచ్ ఆపి, ఆంటీ ఇచ్చిన టీ తాగి, అరగంటాగి మళ్లీ వేశాం. ఆ 'ధబ్' అనేది ఉత్త చప్పుడు కాదు, రేకులోని అయస్కాంతాన్ని చెరిపే చుట్ట పనిచేయడం. లోపలి భాగం చల్లారితే గానీ అది మళ్లీ పూర్తి జోరుగా పనిచేయదు. రిమోట్‌తో ఆపితే చాలా టీవీల్లో అసలు పనిచేయదు. మచ్చ సగానికి తగ్గింది. ఇంకోసారి చల్లార్చి వేస్తే పూర్తిగా పోయింది. ధర పెంచుతారేమో అనుకున్నాను. పెంచలేదు సరికదా, అంకుల్ డీవీడీ ప్లేయర్ కూడా పట్టుకెళ్లమన్నారు.

ఆ ప్లేయరే పెద్ద లాభం. యూరప్ టీవీలకూ ప్లేయర్లకూ స్కార్ట్ అనే 21 పిన్నుల సాకెట్ ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లు అందులో విడివిడిగా వెళ్తాయి. మన పసుపు పిన్ను ఏవీ వైరులో అంతా కలిసిపోయి ఎర్రచీర అంచులు పాకినట్టు కనిపిస్తాయి. మెలిక ఒక్కటే, డీవీడీలకు ప్రాంతాన్ని బట్టి రీజియన్ నంబరు తాళం ఉంటుంది. యూరప్ ప్లేయర్లు రీజియన్ 2, మన దేశానిది 5. నా డిస్కుల్లో చాలావరకు అన్ని రీజియన్లకూ పనికొచ్చేవే. మిగతావాటి కోసం రిమోట్‌తో కొట్టే కోడ్ ఒకటి దొరికింది.

మోసేటప్పుడు తెర మన ఛాతీ వైపు ఉండాలి, బరువంతా ముందు గాజులోనే ఉంటుంది. ట్రాలీ ఆటోలో పరుపు వేసి నిలబెట్టి తెచ్చాం. మర్నాడు మెకానిక్ వెనక మూత తీసి దుమ్ము దులిపి, వదులైన సోల్డరింగులు మళ్లీ వేశాడు. ఇది మాత్రం ఎవరూ సొంతంగా చెయ్యకండి. ట్యూబుకు పాతిక వేల వోల్టుల దాకా వెళ్తుంది, ప్లగ్గు పీకినా కొంత నిలిచే ఉంటుంది.

తర్వాత సెట్టింగులు. ప్లేయర్ మెనూలో టీవీ రకం 16:9 అని మార్చకపోతే వెడల్పు ట్యూబ్ కొన్న ఫలితమే ఉండదు. షార్ప్‌నెస్ బాగా తగ్గించాను, కాంట్రాస్ట్ సగం మీద కాస్త ఎక్కువ. సెట్‌టాప్ బాక్సులోనూ ఆ 16:9 మార్పు చెయ్యాలి, కానీ మా బాక్స్ హాల్లోంచి కదలడానికి అమ్మ ఒప్పుకోలేదు. సీరియల్ టైముకు వైర్లు పీకితే ఊరుకోనంది. ఇంకో కనెక్షన్‌కు కేబుల్ అబ్బాయిని అడిగాను, వచ్చే వారం వస్తానన్నాడు.