ఒక్క సినిమా, ఆరుసార్లు తిరుగుడు: నా అనుభవం

మేం వేసిన సినిమా షో నిన్న రాత్రే అయిపోయింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, అయినా కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మా ఊళ్ళో ఉన్న ఒక్క థియేటరూ కల్యాణ మండపం అయిపోయి చాలా ఏళ్ళయింది. సినిమా చూడాలంటే తెనాలి పోవాలి, ముసలివాళ్ళు పోలేరు. అందుకని లైబ్రరీ పైనున్న మీటింగ్ హాల్లో ఒక పాత సినిమా వేద్దామని మేం నలుగురు టీచర్లం అనుకున్నాం. టికెట్ లేదు. ఏ సినిమా అన్న చర్చే రాలేదు, మాయాబజార్.

హక్కుల దగ్గరే చిక్కొస్తుందని నా భయం. కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కు. ఇది 1957 సినిమా, అంటే 2017 ఆఖరుకి గడువు తీరింది. నేను సంబరపడుతుంటే లాయరు చదివిన మా తమ్ముడు మెలిక పెట్టాడు: "అక్కా, మాటలూ పాటలూ రాసినవాళ్ళ హక్కు వాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళు. పింగళి గారు పోయింది 1971లో, లెక్క నువ్వే వేసుకో." ఆ గొడవంతా ఎందుకని హక్కులు చూసుకునేవాళ్ళకి మెయిల్ పెట్టాం. నాలుగు రోజుల్లో సరేనని లెటర్ వచ్చింది. 2010లో రంగులేసి వదిలిన ప్రింటు జోలికి పోలేదు. ఎస్వీఆర్‌కి రంగులెందుకండీ?

ఇక పర్మిషన్లు. లైసెన్స్ ఉన్న చోట తప్ప సినిమా వెయ్యకూడదని 1955 నాటి చట్టం ఒకటుంది, కాబట్టి ఒక్కరోజుకి అనుమతి కావాలి. మైకుకి వేరే. ఆ అనుమతి ఇచ్చే ఆఫీసుకి వెళ్తే ముందు పోలీస్ స్టేషన్ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తెమ్మన్నారు. స్టేషన్‌కి వెళ్తే ముందు ఆఫీసు కాగితం చూపించమన్నారు. ఇలా రెండుసార్లు అటూ ఇటూ.

మూడోసారి స్టేషన్లో రాతపని చూసే రైటర్ గారు నా అప్లికేషన్ చదవకుండానే "ఏ పార్టీ అమ్మా మీరు?" అన్నాడు. పార్టీ కాదండీ, సినిమా అన్నాను. "సారు రాలేదా?" అన్నాడు. ఏ సారు? మా వారట! ఇరవై రెండేళ్ళుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను, ఆ స్టేషన్లో ఉన్నవాళ్ళలో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే, ఒకడు నన్ను చూసి ఫైలు వెనక మొహం దాచుకున్నాడు కూడా. గంటంపావు నిలబెట్టారు. ఈలోపు ఇసుక లారీల ఆయనొకడు వస్తే కుర్చీ వేశారు, టీ తెప్పించారు. ఆయన టీ తాగుతూ నా వైపు చూసి "సినిమానా మేడం, యూట్యూబ్‌లో ఉంటుందిగా" అని నవ్వితే అందరూ నవ్వారు. ఏడుపొచ్చింది, నిజం చెప్తున్నా. బయటికొచ్చి స్కూటీ మీద కూర్చుని నీళ్ళు తాగి మళ్ళీ లోపలికి వెళ్ళాను. వెనక్కి తిరిగి వచ్చేస్తే వాళ్ళకి కావలసింది అదే.

నాలుగోసారి ఆఫీసులో సెన్సార్ సర్టిఫికెట్ కాపీ అడిగారు. 1957 సర్టిఫికెట్ నా దగ్గరెందుకుంటుంది? చివరికి సినిమా మొదట్లో తెర మీద కనిపించే సర్టిఫికెట్‌ని ఫోటో తీసి, కలర్ ప్రింట్ కొట్టించి ఇచ్చాను. దాని మీద ఠక్కున ముద్ర వేశారు! నలుపు తెలుపు సినిమాకి కలర్ ప్రింట్, ఇరవై రూపాయలు దండగ.

అయిదోసారి వెళ్తే సంతకం పెట్టే ఆయన లేడు. ఆరోసారికి, ఆదివారం షో అనగా శనివారం సాయంత్రం కాగితం చేతికొచ్చింది. మీరెవరైనా వేద్దామనుకుంటే నెలన్నర ముందే మొదలుపెట్టండి, ఇచ్చిన ప్రతి కాగితానికీ జిరాక్స్ మీద 'అందినది' అని ముద్ర వేయించుకోండి, ఒంటరిగా మాత్రం వెళ్ళకండి.

మిగతావి పెద్ద కష్టం కాదు. పాత ఫ్లెక్సీ తిరగేసి బిగించి కడితే తెర. ప్రొజెక్టర్‌లో ఉండే బుల్లి స్పీకర్‌ని నమ్ముకోకండి, ల్యాప్‌టాప్ నుంచి విడిగా వైరు లాగి మైక్‌సెట్ యాంప్లిఫయర్‌కి కలపండి. కుర్చీలు టెంట్ హౌస్ అబ్బాయి సగం రేటుకే ఇచ్చాడు, వాళ్ళ నాయనమ్మకి ముందు వరసలో సీటు ఆపాలన్న షరతు మీద.

ఆరున్నరకి మొదలుపెట్టాం. సినిమానే మూడు గంటల పైన, మధ్యలో ఇరవై అయిదు నిమిషాలు కరెంటు పోయింది. పది దాటింది, ఒక కానిస్టేబుల్ మెట్లెక్కి వచ్చి "టైమ్ అయిపోయింది, ఆపండి" అన్నాడు. ఇది ముందే ఊహించాను. రాత్రి పది తర్వాత మైకులు వద్దన్న 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే, తలుపులు మూసిన కమ్యూనిటీ హాళ్ళలో లోపలి వరకూ వినిపించుకోవచ్చన్న మినహాయింపు ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసి, ఆ లైను కింద ఎర్ర పెన్నుతో గీసి బ్యాగులో పెట్టుకున్నాను. చేతికిచ్చాను. చదివాడు. "సౌండ్ కాస్త తగ్గించండి టీచర్ గారూ" అని దిగి వెళ్ళిపోయాడు. ఫైలు వెనక మొహం దాచుకున్నవాడు వీడే.

వచ్చే నెల ఇంకోటి వేస్తున్నాం. ఈసారి అప్లికేషన్ మా వారి పేరు మీద పెడితే తొందరగా అవుతుందని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. పొద్దున్నే వెళ్ళి నా పేరు మీదే ఇచ్చి, జిరాక్స్ మీద ముద్ర వేయించుకుని వచ్చాను.