డెడ్‌లిఫ్ట్ చిట్టా: వట్టి చేతులు ఎంతవరకు, స్ట్రాప్ ఎక్కడినుంచి

కార్తీకమాసంలో ఈ లెక్క రాయడం మొదలుపెట్టాను. అప్పటికి నా బరువు 74 కిలోలు. రెండు అరచేతులూ నావైపు ఉండేలా, వట్టి చేతులతో పట్టుకుంటే డెడ్‌లిఫ్ట్ (నేలమీది బార్‌ను నిటారుగా నిలబడేదాకా పైకి లేపడం) 100 కిలోలు, అయిదు రెప్‌లు, అంటే వరుసగా అయిదుసార్లు. స్ట్రాప్‌లు (మణికట్టును బార్‌కు కట్టే గుడ్డపట్టీలు) కట్టుకుంటే 125 కిలోలు, అయిదు రెప్‌లు. నడుమూ తొడలూ 125 లేపుతుంటే వేళ్లు మాత్రం 100 దగ్గరే విచ్చుకుంటున్నాయి. ఆ 25 కిలోల తేడాను తగ్గించాలి, అదే సమయంలో నడుముకు అందాల్సిన బరువు అందుతూ ఉండాలి. ఈ రెండూ కలిసి సాగుతాయన్నది నా గట్టి నమ్మకం.

పట్టు చాలడం లేదనిపించినవారు ముందు ఈ తేడాను కొలుచుకోవాలి. ఒక వారం వట్టి చేతులతో, మరుసటి వారం అదే రోజున స్ట్రాప్‌లతో, మిగతావేవీ మార్చకుండా చేసి చూడాలి. రెండు అంకెలూ దాదాపు ఒకటే అయితే లోపం పట్టులో లేదు, స్ట్రాప్‌లు కొన్నా ఒరిగేదేమీ ఉండదు. తేడా పెద్దగా ఉంటేనే ఇక్కడ రాసింది పనికొస్తుంది.

పట్టు ఎలా జారుతుందో దగ్గరనుంచి గమనించాను. బార్ ఒక్కసారిగా ఊడిపోదు. మూడో రెప్ దాకా నాలుగు వేళ్లూ మూసుకునే ఉంటాయి. నాలుగో రెప్‌లో బార్ కొద్దిగా దొర్లి, ముందు చిటికెన వేలు విచ్చుకుంటుంది, దాని వెంట ఉంగరపు వేలు. ఆ తర్వాత బరువంతా రెండు వేళ్ల కొసల మీద వేలాడుతుంది. నా విషయంలో ఇది ఎప్పుడూ ఎడమ చేతిలోనే మొదలవుతుంది. బార్‌ను అరచేతి నడిమధ్య పెట్టుకుంటే బరువు లేవగానే అది ఎలాగూ వేళ్ల మొదళ్లకు జారుతుంది, జారుతూ చర్మాన్ని మడత పెడుతుంది. కాయలు చిట్లేది ఆ మడత దగ్గరే. అందుకే వేళ్లు అరచేతిని కలిసే గీత మీదే బార్‌ను ఆనించి, చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలూ బిగిస్తాను. కండ ఏమీ పెరగకముందే, పట్టుకునే తీరు వల్లనే రెండు మూడు కిలోలు కలిసివచ్చాయి.

ఇక బార్ శుభ్రత. మాది విశాఖపట్నం. సముద్రపు గాలికి ఏడాదిలో ఎక్కువ నెలలు అరచేతులు తడిగానే ఉంటాయి. మా జిమ్‌లో చేతుల తడి పీల్చే సుద్దపొడి వాడనివ్వరు, నేలంతా తెల్లబడుతుందని. లిక్విడ్ చాక్‌కు, అంటే ద్రవరూపంలోని సుద్దకు, అభ్యంతరం లేదు. అందులో ఉండేదీ మెగ్నీషియం కార్బొనేటే, ఆల్కహాల్‌లో కలిపి ఉంటుంది. సెనగగింజంత తీసుకుని రెండు చేతులకూ పూసి, పూర్తిగా ఆరాకే బార్ ముట్టుకోవాలి. బార్ మీది గరుకు గీతల్లో చెమట, పాత చర్మం, జిడ్డు పేరుకుని నున్నగా అయిపోతుంది. జిమ్ చూసుకునే ఆయనను అడిగి నైలాన్ బ్రష్‌తో ఒక బార్‌ను రుద్దాను. అదే బరువు ఆ బార్ మీద చేతికి అతుక్కున్నట్టు నిలిచింది. అప్పటినుంచి నా డెడ్‌లిఫ్ట్ ఆ బార్‌తోనే, పని అయ్యాక తుడిచి పెట్టడమూ నా బాధ్యతే.

వారంలో పట్టు కోసం మూడు రోజులు కేటాయించాను. సోమవారం డెడ్‌లిఫ్ట్. తేలిక సెట్ల (విడతల) నుంచి మోయగలిగినంత వరకు వట్టి చేతులతోనే వెళ్తాను. వేళ్లు విచ్చుకునే బరువు రాగానే స్ట్రాప్‌లు కట్టి ప్రధాన సెట్లు ముగిస్తాను. చివర ర్యాక్‌లో (బార్‌ను ఆనించే స్టాండులో) బార్‌ను మోకాలి ఎత్తున పెట్టి, పైకి లేపి కదలకుండా పట్టుకుని నిలబడటం. రెండు సెట్లు, ఒక్కోటి 15 సెకన్లతో మొదలు. 20 సెకన్లు నిలిస్తే మరుసటి వారం 2.5 కిలోలు కలుపుతాను. బుధవారం పుల్ అప్స్ తర్వాత బార్‌కు వేలాడటం. నిమిషం దాటాక బార్ మీద తువ్వాలు వేసి, దాని రెండు కొసలూ పట్టుకుని వేలాడటం మొదలుపెట్టాను. లావుగా, మెత్తగా ఉన్న గుడ్డను బిగించాలంటే ముంజేయి మండిపోతుంది. శనివారం బరువైన డంబెల్స్ రెండు చేతుల్లో పట్టుకుని నడక. తర్వాత రెండు 10 కిలోల ప్లేట్ల నున్నటి ముఖాలు బయటికి ఉండేలా కలిపి, బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య నొక్కి పట్టుకోవడం. ఇంట్లో 20 లీటర్ల వాటర్ క్యాన్‌ను మెడ దగ్గర పట్టి మేడ మీదికి ఎక్కించే పని కూడా నేనే తీసుకున్నాను. ఒక్కో మెట్ల వరుసకు చేయి మారుస్తాను.

చేత్తో నొక్కే స్ప్రింగ్ గ్రిప్పర్ల గురించి నా అభిప్రాయం అంత గొప్పగా లేదు. అవి పిడికిలి మూసే బలాన్ని పెంచుతాయి. డెడ్‌లిఫ్ట్‌కు కావాల్సింది మూసిన పిడికిలి తెరుచుకోకుండా నిలబెట్టే ఉడుంపట్టు. దానికి బరువైన బార్‌ను మించిన సాధనం లేదు.

సంక్రాంతి నాటికి వట్టి చేతులతో 107.5, స్ట్రాప్‌లతో 130. ఆ పండక్కి మా ఉత్తరాంధ్ర పల్లెల్లో సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు జరుగుతుంటాయి. ఆ పోటీల్లో పట్టే మొదటి పరీక్ష. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ క్రీడ పోటీల్లో స్ట్రాప్‌లకు అనుమతి లేదు. కానీ అదే క్రీడ సాధనలో, బరువును నేలనుంచి లాగే వ్యాయామాలకు ప్రపంచమంతటా స్ట్రాప్‌లు వాడతారు. డెడ్‌లిఫ్ట్ ఒక అంశంగా ఉండే పవర్‌లిఫ్టింగ్ పోటీల్లోనూ వాటికి చోటు లేదు. భారీ బరువులు ఎత్తి, మోసే స్ట్రాంగ్‌మ్యాన్ పోటీల సంగతి వేరు, 2016లో బ్రిటన్‌కు చెందిన ఎడ్డీ హాల్ 500 కిలోల డెడ్‌లిఫ్ట్ చేసింది స్ట్రాప్‌లతోనే. పోటీకి దిగేవారు తమ నియమావళి చూసుకోవాలి. నాలాగా ఆరోగ్యం కోసం, ఇష్టం కోసం చేసేవారికి ఆ అడ్డు లేదు.

మా జిమ్‌కు వచ్చే ఇంజనీరింగ్ కుర్రవాడు ఒకరోజు, "అన్నా, స్ట్రాప్ కట్టుకుంటే మోసం చేసినట్టేనా?" అని అడిగాడు. "ఈ సెట్ దేనికోసం చేస్తున్నావు?" అని తిరిగి అడిగాను. తొడల వెనుక కండరాల కోసం రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లు కొద్దిగానే వంచి చేసే రకం) పది రెప్‌లు నెమ్మదిగా దించుతున్నప్పుడు ముందు వేళ్లు అలసిపోతే, అసలు పని జరగాల్సిన చోట జరగదు. అందుకే దానికి మొదటి సెట్ నుంచే స్ట్రాప్‌లు కడతాను. భుజాలు ఎగరేసే ష్రగ్స్‌కూ అంతే. ముందుకు వంగి బార్‌ను పొట్టవైపు లాగే బార్‌బెల్ రోయింగ్‌కు చివరి రెండు సెట్లకు మాత్రమే. పుల్ అప్స్‌కు అసలు కట్టను. అయితే ఆ కుర్రవాడు తేలికపాటి లాట్ పుల్‌డౌన్‌కు (మెషిన్ మీద కూర్చుని తలపైనున్న బార్‌ను కిందికి లాగడానికి) కూడా కట్టుకుంటున్నాడు. అది మానమని చెప్పాను, ఆ బరువుకు వేళ్లు చాలు. బార్‌ను భుజాల మీదికి తిప్పుకునే క్లీన్‌కు ఎవరూ కట్టుకోకూడదు. పట్టు తప్పినప్పుడు చేయి విడిపించుకునే వీలుండదు, మణికట్టు దెబ్బతింటుంది.

స్ట్రాప్ కట్టే దిశ చాలామందికి తేలదు. తోకను (పట్టీ పొడవాటి కొసను) రెండో కొసన ఉన్న ఉచ్చులోంచి దూర్చి మణికట్టుకు తొడుక్కున్నాక, తోక బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్యనుంచి కిందికి వేలాడాలి. దాన్ని మనవైపు నుంచి బార్ కిందుగా పోనిచ్చి, అవతలివైపు పైకి తెచ్చి, బార్ మీదుగా మళ్లీ మనవైపు చుట్టాలి. అంటే వేళ్లు చుట్టుకునే దిశకు ఎదురుగా. ఒకటిన్నర చుట్టు చాలు. తర్వాత బార్‌ను మనవైపు దొర్లిస్తే పట్టీ బిగుస్తుంది. నేను కొన్నవి నూలువి, మూడు నాలుగు వందల రూపాయల్లో వచ్చాయి. చెమటకు నైలాన్‌వి జారుతున్నట్టు అనిపించింది. ఎనిమిది అంకె ఆకారంలో ఉండేవి గట్టిగా పట్టేస్తాయి కానీ బార్‌ను చటుక్కున వదిలేయలేం, కొత్తవారికి వద్దు. నూలువి వారానికోసారి చేత్తో ఉతికి నీడన ఆరేయాలి. మణికట్టు వంగకుండా బిగించుకునే రిస్ట్ ర్యాప్‌లు వేరే వస్తువు, కొనేటప్పుడు చూసుకోవాలి.

సంక్రాంతి తర్వాత కుడి మోచేతి లోపలివైపు నొప్పి తేలింది. వేళ్లను ముడిచే కండరాల్లో చాలావాటికి మూలం అక్కడే. వేలాడటం, ప్లేట్లు నొక్కిపట్టడం ఆపేశాను. నడుము, వీపు వ్యాయామాలన్నిటికీ స్ట్రాప్‌లు కట్టుకున్నాను. ఆ రోజుల్లో నా డెడ్‌లిఫ్ట్ ఆగకుండా సాగిందంటే ఆ గుడ్డపట్టీల పుణ్యమే. నొప్పి తగ్గాక పట్టు పనిని సగానికి దించి మళ్లీ మొదలుపెట్టాను. వేళ్లను తెరిచే కండరాలకూ పని కల్పించాను: బక్కెట్టులో బియ్యం పోసి, చేతిని మణికట్టు దాకా దించి, బియ్యాన్ని తోస్తూ వేళ్లు విప్పడం. రెండు చేతులకూ చెరి ముప్పై సార్లు. మళ్లీ నొప్పి రాలేదు.

ఉగాదికి వట్టి చేతులతో 120, స్ట్రాప్‌లతో 137.5. ఎండాకాలం ఉక్కపోతలో చాక్ లేకుండా 115కి పడిపోయింది, చాక్ పూస్తే 120 నిలిచింది. అది చెమట తేడా కాబట్టి కంగారు పడాల్సిన పని లేదు. ఇప్పుడు వట్టి చేతులతో 127.5, స్ట్రాప్‌లతో 142.5. తేడా 15 కిలోలకు దిగింది. దీన్ని సున్నా చేయాలన్న పట్టుదల నాకు లేదు.

పట్టు బలాన్ని ఆయుర్దాయంతో ముడిపెట్టే మాటలు ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్నాయి. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం భారత్ సహా 17 దేశాల్లో దాదాపు 1.4 లక్షల మందిని పరిశీలించింది. పట్టు బలం 5 కిలోలు తక్కువైన కొద్దీ మరణం ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. అక్కడ పట్టు ఒంటి మొత్తం సత్తువకు కొలమానం. పిడికిలి ఒక్కటే బిగించి ఆయువు పెంచుకోవచ్చని దానికి అర్థం కాదు. మా నాన్నగారికి గ్రిప్పర్ కొనిమ్మని బంధువులు చెబితే, దాని బదులు ఆయనతో రోజూ కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయిస్తున్నాను, సంచులు పట్టుకుని నడిపిస్తున్నాను.

ఇక ముందు హుక్ గ్రిప్. బొటనవేలిని బార్‌కు ఆనించి, దాని మీదుగా చూపుడు, మధ్య వేళ్లు బిగించడం. బార్ దొర్లకుండా బొటనవేలే అడ్డుకుంటుంది. ఒక అరచేయి లోపలికి, ఒకటి బయటికి తిప్పే పట్టు దీనికంటే సులువే. కానీ బయటికి తిప్పిన చేతిలో కండర స్నాయువు తెగే ప్రమాదం ఉంటుంది, అందుకే అటు వెళ్లలేదు. హుక్ గ్రిప్‌లో బొటనవేలి గోరు పక్కన నొప్పి బాగానే ఉంది. సాగే టేపును ఒక్క పొర చుట్టి, 80 కిలోల దగ్గర మూడేసి రెప్‌లతో అలవాటు చేస్తున్నాను. నొప్పి అదుపులో ఉన్న వారమే 5 కిలోలు కలుపుతాను. 120 దాటాక ఆ అంకెలు ఈ చిట్టాలో వేరే వరుసలో రాస్తాను.